బాస్ రాక్: దిగకుండా చూసి రావలసిన ద్వీపం

స్కాట్లండ్ తూర్పు తీరంలో, ఎడిన్‌బరోకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో నార్త్ బెర్విక్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. అక్కడి నుంచి వేసవి నెలల్లో బాస్ రాక్ అనే రాతి ద్వీపం చుట్టూ సందర్శకుల పడవలు తిరుగుతాయి. ఆ పడవ ప్రయాణం, రేవు ఒడ్డునే ఉన్న స్కాటిష్ సీబర్డ్ సెంటర్, ద్వీపానికి ఎదురుగా తీరం వెంట నడవదగిన చోట్లు, ఈ మూడింటినీ కలిపి ఒక రోజులో చూడాలనుకునేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు చాలామంది ఎడిన్‌బరో కోట, లాక్ నెస్ సరస్సు, స్కై ద్వీపం చూసి వెనక్కి తిరిగిపోతారు. రైలెక్కితే అరగంటకు కాస్త ఎక్కువ సమయంలో చేరుకోగల ఈ చోటు వారి పట్టికలో ఉండదు. ఉండాలని నా గట్టి నమ్మకం. అయితే వెళ్ళేవారు ఒక విషయంలో ముందే మనసు సిద్ధం చేసుకోవాలి: ద్వీపం మీద కాలు పెట్టకుండా, చుట్టూ తిరిగి రావడమే ఇక్కడి అసలైన సందర్శన. అది లోటు కాదు, అలా చూడడమే సరైన పద్ధతి అని ఎందుకు అంటున్నానో కింద వివరిస్తాను.

ముందు ద్వీపం సంగతి. బాస్ రాక్ సముద్ర మట్టం నుంచి 107 మీటర్ల ఎత్తున, మూడు పక్కల దాదాపు నిలువుగా లేచిన ఒంటి రాయి. దాదాపు 34 కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన శిలాద్రవం ఇది. చుట్టూ ఉన్న మెత్తటి రాళ్ళు కాలక్రమంలో అరిగిపోగా, గట్టిదైన ఈ దిమ్మ మాత్రం మిగిలింది. ఎడిన్‌బరో కోట నిలిచిన కొండ, నార్త్ బెర్విక్ పట్టణం వెనక శంకువులా కనిపించే లా కొండ కూడా ఇదే తీరున ఏర్పడినవే. విస్తీర్ణం మూడు హెక్టార్ల వరకే ఉంటుంది, అంటే మన లెక్కలో ఏడెకరాల పొలమంత. ఆ ఏడెకరాల రాతి మీద 2014లో లెక్కపెట్టినప్పుడు గానెట్లు అనే పెద్ద తెల్లటి సముద్రపక్షుల గూళ్ళు 75,259 తేలాయి, అంటే దాదాపు లక్షన్నర పక్షులు. అప్పటికి ఉత్తర గానెట్లకు ప్రపంచంలోకెల్లా పెద్ద స్థావరం ఇదే. ఆ పక్షి శాస్త్రీయ నామమైన మోరస్ బసానస్‌లోని రెండో మాట కూడా ఈ రాయి పేరు నుంచే వచ్చింది.

దూరం నుంచి చూసినప్పుడు రాయి పైభాగం తెల్లగా, సున్నం కొట్టినట్టు కనబడుతుంది. అది రెట్టల వల్ల వచ్చిన తెలుపని చాలామంది అనుకుంటారు. రెట్టల వాటా ఉన్నమాట నిజమే కానీ, వేసవిలో ఆ తెలుపులో ఎక్కువ భాగం పక్షులే. ఫిబ్రవరిలో గానెట్లు బిస్కే అఖాతం, పశ్చిమాఫ్రికా తీరాల నుంచి తిరిగి రావడం మొదలవుతుంది, అక్టోబరు నాటికి వెళ్ళిపోతాయి. అవి లేని చలికాలంలో వెళ్తే అదే రాయి బూడిదరంగులో, మరో ద్వీపమేమో అన్నట్టుగా ఉంటుంది. కనుక ఏ నెలలో వెళ్తున్నామన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. మే రెండో సగం నుంచి జూలై మొదటి వారాల వరకు వెళ్ళగలిగితే గానెట్లతో పాటు పఫిన్లు, గిల్లిమాట్లు అనే చిన్న సముద్రపక్షులు కూడా ఒకే ప్రయాణంలో కనిపిస్తాయి. జూలై చివరికి పఫిన్లు సముద్రంలోకి వెళ్ళిపోతాయి. ఆగస్టులో గానెట్ పిల్లలు పెద్దవై గూళ్ళలో కనిపిస్తాయి కాబట్టి ఆ నెలకూ ఒక ప్రత్యేకత ఉంది.

ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది, నార్త్ బెర్విక్కే చివరి స్టేషన్. అక్కడి నుంచి రేవు దాకా ఊరి మధ్యగా పావుగంట నడక. వేసవి వారాంతాల్లో కారు నిలిపే చోటు దొరకడం కష్టం, రైలే మేలు.

ఇక పడవ. రేవు నుంచి రెండు రకాల పడవలు నడుస్తాయి. ఒకటి రెండు అడుగుభాగాలున్న వెడల్పాటి క్యాటమరాన్, దాదాపు గంటసేపు క్రెయిగ్‌లీత్ ద్వీపాన్నీ బాస్ రాక్‌నూ చుట్టి తెస్తుంది. రెండోది గాలి నింపిన అంచులతో వేగంగా దూసుకుపోయే చిన్న పడవ. పెద్దవారితో, చిన్నపిల్లలతో వెళ్ళేవారు సందేహం లేకుండా మొదటిదాన్నే ఎంచుకోవాలి. రెండోదానిలో ప్రతి కెరటానికీ నడుం అదురుతుంది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మను తీసుకుని వెళ్ళినందువల్ల మేము క్యాటమరాన్ ఎక్కాము. రేవు దాటి బయటి నీళ్ళలోకి వచ్చేసరికి జూన్ నెలలో కూడా చలిగాలి చెవుల్లో దూరింది. ఉన్ని టోపీ, గాలి చొరబడని కోటు తప్పనిసరి. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మాత్ర ముందే వేసుకుని, పడవ మధ్యలో కూర్చుని, కళ్ళు దూరపు తీరం మీద నిలపడం మంచిది.

ద్వీపం ఇంకా కొంత దూరంలో ఉండగానే మొదట ముక్కుకు తెలుస్తుంది. కుళ్ళిన చేప వాసనా అమ్మోనియా ఘాటూ కలిసిన ఆ గాలిని సహించడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ తరువాత అలవాటవుతుంది. ఆపైన చప్పుడు. గానెట్ల అరుపు తీయనిది కాదు, గరగరమనే ఒకే మాట వేల గొంతుల నుంచి ఆగకుండా వస్తూ, రాతి గోడకు తగిలి పడవ మీదికి దిగుతుంది. పడవ నీడలోకి వెళ్ళి తల ఎత్తినప్పుడు ఆకాశం కనిపించేచోట కూడా పక్షులే. వచ్చేవి, పోయేవి, గాలి మీద నిలబడి దిగే చోటు వెతుక్కునేవి, ఒకదానికొకటి తగలకుండా వలయంగా తిరుగుతూ ఉంటాయి. రెక్కలు విప్పితే ఒక్కొక్కటి దాదాపు 1.8 మీటర్లు, మనిషి ఎత్తును మించిన వెడల్పు.

మా అమ్మది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర. తేలినీలాపురంలో ఊరి చెట్ల మీద ఏటా గూళ్ళు కట్టే గూడబాతులనూ ఎర్రకాళ్ళ కొంగలనూ చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. ఆ పక్షులు వస్తే ఊరికి మేలు జరుగుతుందని అక్కడివారి నమ్మకం. బాస్ రాక్ కిందికి పడవ చేరినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇన్నేసి పక్షులు ఒక్క రాతి మీద ఎలా ఇమిడాయిరా, కొట్టుకోవా?" అని అడిగింది. ఆమె అడిగినదే ఈ ద్వీపాన్ని చూసేవారు అడగవలసిన మొదటి ప్రశ్న.

అవి కొట్టుకుంటాయి. గూటికీ గూటికీ మధ్య ఎడం పక్కదాని ముక్కు అందీ అందనంత. హద్దు దాటిన పొరుగు పక్షికి ముక్కు పోటు తప్పదు. కాబట్టి దిగేటప్పుడు సూటిగా తన గూటిలోనే దిగాలి, ఎగిరి వెళ్ళబోయే ముందు ముక్కు నిటారుగా ఆకాశం వైపు ఎత్తి, తాను పోట్లాటకు రాలేదని చుట్టుపక్కల వాటికి తెలియజేస్తూ అంచు దాకా నడవాలి. ఇది నేను పడవలోంచి బైనాక్యులర్లతో స్పష్టంగా చూశాను. నీటికి దగ్గరగా ఉన్న ఒక రాతి అరుగు మీద గూటిలో ఒకటి కూర్చుని ఉంది. దాని జోడు నోట సముద్రపు నాచు పట్టుకుని గాలిలో రెండు సార్లు తప్పిపోయి మూడోసారి దిగింది. దిగగానే రెండూ మెడలు నిక్కించి, ముక్కులను కత్తుల్లా ఒకదానితో ఒకటి తాకిస్తూ తలలు ఊపాయి. ఆ తరువాత వచ్చినది నాచును గూటి అంచున పెట్టింది, కూర్చున్నది దాన్ని తీసి మరోచోట సర్దింది. జోళ్ళు సాధారణంగా ఏటా అదే గూటికి, అదే జతకు తిరిగి వస్తాయి కనుక, ఈ పలకరింపు అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టే తీరు. పెట్టేది ఒక్కటే గుడ్డు. గానెట్‌కు పొట్ట కింద వెచ్చటి చర్మపు భాగం ఉండదు కాబట్టి, వేళ్ళ మధ్య పొరలున్న పెద్ద పాదాలను గుడ్డు మీద కప్పి దాదాపు ఆరు వారాలు పొదుగుతుంది.

వేట ఇంతకంటే విశేషమైనది. అది రాతి దగ్గర కాకుండా బయటి నీళ్ళలో జరుగుతుంది కనుక, తిరుగు ప్రయాణంలో కళ్ళు వెనక్కి కాక చుట్టూ తిప్పండి. ముప్పై మీటర్ల ఎత్తు నుంచి కూడా గానెట్ తలకిందులుగా దిగుతుంది, నీటిని తాకే క్షణానికి రెక్కలను పూర్తిగా వెనక్కి మడిచి సూదిలా మారుతుంది. ఆ వేగం గంటకు 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ముఖం, రొమ్ము చర్మం కింద ఉండే గాలి సంచులు ఆ దెబ్బను కాచుకుంటాయి. బయటికి తెరుచుకునే ముక్కురంధ్రాలు ఉండవు కాబట్టి నీళ్ళు లోపలికి దూరవు. పిల్లలకు మేత తేవడానికి ఇవి వందల కిలోమీటర్లు పోయి వస్తాయని ట్రాకర్లు కట్టి చేసిన పరిశీలనల్లో తేలింది. ఒక్కో స్థావరానికి చెందిన గానెట్లు తమ వేట నీళ్ళను వేరుగా ఉంచుకుంటాయనీ, పొరుగు స్థావరం పక్షుల నీళ్ళలోకి పెద్దగా వెళ్ళవనీ 2013లో ప్రచురితమైన మరో పరిశోధన చూపింది. గీత గీసిన సరిహద్దు లేని సముద్రంలో ఇలాంటి పంపకం ఉండడం నాకు ఈ ప్రయాణమంతటిలో అతి గొప్ప విషయంగా తోచింది.

ఇప్పుడు దిగడం గురించి. సందర్శకులను ద్వీపం మీదికి దించే యాత్రలు గతంలో నడిచేవి. పాత జైలు గోడల పక్క నుంచి పైకి పోయే సన్నటి దారిలో గూళ్ళ మధ్యగా నడిపించేవారు. అది ఎంతో గొప్ప అనుభవమని వెళ్ళివచ్చినవారు చెబుతారు, నేను కాదనను. కానీ 2022 జూన్‌లో ఈ రాతి మీద బర్డ్ ఫ్లూ వ్యాపించింది. ముక్కు అందేంత దూరంలో గూళ్ళు కట్టుకునే పక్షులకు ఆ వ్యాధి ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. గూళ్ళలోనే పక్షులు చనిపోయాయి, తీరం పొడవునా ఇసుక మీద కళేబరాలు కొట్టుకువచ్చాయి. ఆ జూలైలో స్కాట్లండ్‌లోని 23 ద్వీపాలపై సందర్శకులు దిగడాన్ని ప్రకృతి సంరక్షణ సంస్థ ఆపివేసింది. 2023లో డ్రోన్‌తో లెక్కించినప్పుడు గూళ్ళు 51,844 మాత్రమే ఉన్నాయి, 2014తో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. గానెట్ నాలుగైదేళ్ళకు గానీ గుడ్డు పెట్టదు, పెట్టినా ఏడాదికి ఒక్కటే. ఆ లోటు పూడడానికి ఎన్ని వేసవులు కావాలో ఎవరైనా ఊహించగలరు.

ఒక మనిషి గూటి దగ్గరికి వెళ్ళి, ఆ పక్షి బెదిరి ఒక్క నిమిషం లేచినా, పైన కాచుకుని ఉండే సీగల్స్ ఆ ఉన్న ఒక్క గుడ్డునూ ఎత్తుకుపోతాయి. పడవలోంచి చూసినప్పుడు ఆ ఇబ్బంది లేదు. కొద్ది మీటర్ల దూరం నుంచే అయినా, పక్షులు మన వైపు తల తిప్పి చూడనైనా చూడవు. వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి, మనం చూడవలసింది కూడా అదే. చేపలు నీటిలోకి విసిరి గానెట్లను పడవ పక్కకు రప్పించే ఫోటోగ్రఫీ యాత్రలు కూడా ఈ తీరంలో కొన్ని ఉన్నాయి. ఫోటోలు అద్భుతంగా వస్తాయి కానీ, ఆ వేట మనం పెట్టిన వేట. నేను అటువంటివి సిఫారసు చేయను.

ప్రయాణంలో నాకు నచ్చని సంగతులు రెండున్నాయి. వాటిని చెప్పకుండా సమీక్ష పూర్తి కాదు. రేవులో పడవలు నడిపేవారు ఒకరికంటే ఎక్కువే, అందరి తీరూ ఒకటి కాదు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. మేము ఎక్కిన పడవలో వివరణ చెప్పిన యువతికి విషయం క్షుణ్ణంగా తెలుసు. కానీ వెనక కూర్చున్నవారికి గాలి హోరులో సగం మాటలే చేరాయి. ఇంకో స్పీకరు పెడితే సరిపోయేది. రెండోది, పడవ రాతి దగ్గర ఎక్కువసేపు ఒకే పక్కకు తిరిగి ఉండడం వల్ల అటువైపు కూర్చున్నవారు తీరికగా చూశారు, ఇటువైపు వారు భుజాల మీదుగా తొంగిచూశారు. నడిపేవారు మధ్యలో ఒకసారి పడవను తిప్పితే ఆ చిక్కు ఉండదు. ఎక్కేటప్పుడే పడవ ఏ పక్క ద్వీపానికి దగ్గరగా వెళ్తుందో అడిగి కూర్చోండి. వాతావరణం బాగోలేక ప్రయాణం రద్దు కావడం మాత్రం తప్పుగా ఎంచకూడదు. ఈ నీళ్ళలో గాలి ఎప్పుడు మళ్ళుతుందో నడిపేవారికే తెలుసు, వారు వద్దంటే వద్దు. అందుకే ఎడిన్‌బరోలో మీరు ఉండే చివరి రోజుకు కాక, ముందు రోజులకే ఈ ప్రయాణం పెట్టుకోవాలి.

బాస్ రాక్ దారిలోనే వచ్చే క్రెయిగ్‌లీత్ చిన్న ద్వీపం. గానెట్ల వైభవం తరువాత చూస్తే వెలవెలబోతుంది గానీ, పడవ మొదట అక్కడికి పోతే దాని విలువ దానికి దక్కుతుంది. నీటికాకి జాతికే చెందిన షాగ్‌లు రెక్కలు ఆరబెట్టుకుంటూ రాళ్ళ మీద నిలబడి ఉంటాయి, నీళ్ళలోంచి బూడిదరంగు సీల్స్ తలలు బయటపెట్టి చూస్తాయి. పఫిన్లు ఇక్కడ నేలలో బొరియల్లో గూళ్ళు పెడతాయి. 1999లో వాటి జంటలు 28,000 దాకా ఉండేవి. తరువాత ట్రీ మ్యాలో అనే ఏపుగా, మనిషి కంటే ఎత్తుగా ఎదిగే మొక్క ద్వీపమంతా కమ్మేసి, బొరియల నోళ్ళు మూసేయడంతో కొద్ది వేలకు పడిపోయాయి. 2007 నుంచి స్వచ్ఛంద సేవకులు పక్షులు లేని నెలల్లో పడవల్లో వెళ్ళి ఆ మొక్కలను నరికి వేస్తున్నారు. పఫిన్లు తిరిగి వచ్చాయి, నరకడం మాత్రం ఏటా చేయవలసిన పనిగా మిగిలింది. ఈ పనికి నడుం కట్టింది సీబర్డ్ సెంటరే.

ఆ సెంటర్ గురించి విడిగా చెప్పాలి. 2000లో తెరిచిన ఈ సంస్థ ఒక ధర్మసంస్థ. టికెట్ల ద్వారా, దుకాణం ద్వారా వచ్చే ఆదాయం సముద్ర జీవుల సంరక్షణకూ విద్యా కార్యక్రమాలకూ పోతుంది. పడవ ఎక్కే ముందు కాకుండా దిగిన తరువాత లోపలికి వెళ్ళండి. ద్వీపాల మీద అమర్చిన కెమెరాలు అక్కడి దృశ్యాన్ని అప్పటికప్పుడు తెరల మీద చూపిస్తాయి, వాటిని మీ చేతితోనే తిప్పి, దగ్గరికి తెచ్చి చూడవచ్చు. పడవలో నాకు ఒక తెల్లటి రాశిగా కనిపించినది ఇక్కడ ఒక్కొక్క పక్షిగా విడిపోయింది. తల మీద తేనెరంగు, ముక్కు వెంట నల్లటి గీతలు, లేత నీలం కంటి చుట్టూ ఇంకొంచెం ముదురు నీలపు వలయం, నల్లటి పాదాల మీద ఒక్కో వేలి వెంట సన్నగా సాగిన పచ్చటి గీత, ఇవన్నీ మూరెడు దూరంలో ఉన్నట్టు కనబడ్డాయి. కొన్ని గూళ్ళలో నాచుతో పాటు నీలిరంగు వలతాళ్ళ ముక్కలు కూడా అల్లుకుని ఉన్నాయి. సముద్రంలో తేలేదేదైనా అవి గూటి సామాను కిందే ఏరుకొస్తాయి.

కెమెరాను తిప్పుతూ ఉండగా ఒకచోట కళ్ళు పూర్తిగా నల్లగా ఉన్న గానెట్ కనిపించింది. పక్కదాని కన్ను నీలం, దీనిది బొగ్గు. 2022 నుంచే ఇలాంటివి కనిపిస్తున్నాయి. పరిశోధకులు నల్లకళ్ళ పక్షుల రక్తాన్ని పరీక్షించినప్పుడు వాటిలో చాలావాటికి బర్డ్ ఫ్లూ సోకి తగ్గినట్టు తేలింది. ఆ చావుల నుంచి బతికి బయటపడిన పక్షి అయి ఉండాలి అది. నేను కెమెరాను దాని మీదే ఉంచాను. అది వంగి, కాళ్ళ మధ్య నుంచి బూడిదరంగు పిల్లను బయటికి నెట్టి, నోరు తెరిచింది. పిల్ల తల గొంతు దాకా తల్లి నోట్లోకి వెళ్ళిపోయి మేత తీసుకుంది. ద్వీపం మీదికి దిగి ఉంటే ఇంత దగ్గరగా, ఇంత సేపు, దాన్ని బెదిరించకుండా చూడగలిగేవాడిని కాదు. ఒక్క ఈ తెర కోసమే సెంటర్ టికెట్ డబ్బు చెల్లుతుంది. మా అమ్మ అక్కడి కుర్చీలోంచి లేవడానికి ఇష్టపడలేదు.

లోపలి ప్రదర్శనలు చిన్నపిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసినవి, పెద్దలకు అరగంట చాలు. పైన ఫలహారశాలలో కూర్చుంటే కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. శాకాహారులు పట్టణంలో భోజనం కోసం కొంచెం వెతుక్కోవాలి. మేము పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళాము. రేవు పక్క రాళ్ళ మీద తినేటప్పుడు సీగల్స్‌తో జాగ్రత్త, చేతిలోది లాక్కుపోవడంలో అవి మన కోతులకు తీసిపోవు.

మధ్యాహ్నం మిగిలిన సమయమంతా నడకకు పెట్టుకోండి. రేవు నుంచి తూర్పుగా మిల్సీ బే ఇసుక మీద నడిస్తే బాస్ రాక్ ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. ఇది చదునైన నడక, పెద్దవారికి అనువైనది. ఓపిక ఉన్నవారు ఊరి వెనక 187 మీటర్ల లా కొండ ఎక్కితే ఫోర్త్ నదీముఖమూ అందులోని ద్వీపాలూ అన్నీ ఒక్క చూపులో పడతాయి. దారి నిటారుగా ఉంటుంది గానీ పొడవు కాదు.

అయితే అసలు చూడవలసినవి ఊరికి తూర్పున ఉన్నాయి. అయిదు కిలోమీటర్ల దూరంలో, సముద్రపు కొండచరియ మీద టాంటలన్ కోట నిలిచి ఉంది. 14వ శతాబ్దంలో డగ్లస్ వంశీకులు కట్టించిన ఈ కోటకు మూడు పక్కల కొండచరియే రక్షణ. నాలుగో పక్కన మాత్రం ఎర్రటి రాతితో ఒక పెద్ద అడ్డుగోడ లేపారు. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం ఫిరంగులతో కొట్టిన దెబ్బకు కోట మళ్ళీ కోలుకోలేదు. టికెట్ ఉంది. గోడపైకి ఎక్కే మెట్లు ఇరుకు, పైన గాలి బలంగా తోస్తుంది. కానీ ప్రధాన తీరం నుంచి బాస్ రాక్ దాదాపు రెండు కిలోమీటర్లే కాబట్టి, ఇక్కడి నుంచి చూసినప్పుడు ద్వీపం మీది లైట్‌హౌస్, దాని కింద శిథిలమైన కోటగోడలు, సగం ఎత్తున పాత ప్రార్థనాలయం గోడలు బైనాక్యులర్లలో వివరంగా కనిపిస్తాయి. ద్వీపానికి ఉన్న మానవ చరిత్రను అర్థం చేసుకోవడానికి పడవ కంటే ఈ చోటే మంచిది. తొలినాటి క్రైస్తవ సన్యాసి బాల్డ్రెడ్ అక్కడ ఏకాంతంగా ఉండేవాడని చెబుతారు. 17వ శతాబ్దంలో రాజు మత విధానాన్ని ఎదిరించిన కవెనెంటర్లను అక్కడ బంధించారు. 1691లో కొద్దిమంది ఖైదీలు కాపలావారిని బయటికి నెట్టి ద్వీపాన్ని చేజిక్కించుకుని 1694 దాకా వదలలేదు. 1902లో డేవిడ్ స్టీవెన్సన్ కట్టిన లైట్‌హౌస్‌లో 1988 దాకా మనుషులు కాపురమున్నారు. ఆ తరువాత దీపం తనంతట తానే వెలుగుతోంది, రాయి పూర్తిగా పక్షులకు దక్కింది.

టాంటలన్ దాటి మరికొంత దూరం పోతే సీక్లిఫ్ బీచ్. ఇది ప్రైవేటు ఎస్టేటు దారి, కారుకు గేటు దగ్గర డబ్బు కట్టాలి. నాకు ఈ తీరంలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎడమన కోట, ఎదురుగా ద్వీపం, మధ్యలో పొడవాటి ఇసుక. ఆటు సమయంలో వెళ్తే బీచ్ పశ్చిమ కొసన ఎర్రటి ఇసుకరాతిని తొలిచి చేసిన బుల్లి రేవు చూడవచ్చు. 1890లో అక్కడి భూస్వామి దీన్ని రాతిలోనే కోయించాడు. గోడలు కట్టలేదు, రాయే గోడ. రెండు మూడు పడవలు పట్టేంత చోటు, ఒక పడవ మాత్రమే దూరగల ఇరుకు నోరు. ఎండ్రకాయల, లాబ్‌స్టర్ల బుట్టలు ఒడ్డున పేర్చి ఉంటాయి. రేవు అంచు మీద కూర్చుంటే పాత ఇనుప కడియాలు రాతిలో ఎంత లోతుగా దిగి తుప్పుపట్టాయో చేతికి తెలుస్తుంది. నాచు పట్టిన రాళ్ళు జారతాయి, బూట్ల అడుగు పట్టున్నవై ఉండాలి. పోటు మొదలైతే రాళ్ళ మీది దారి తొందరగా మునిగిపోతుంది కాబట్టి ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్ళండి. ఆగస్టు చివరి నుంచి ఈ తీరంలో నడిచేవారికి, నల్లటి ఈకలతో ఒంటరిగా నీళ్ళ మీద తేలే గానెట్ పిల్లలు కనిపించవచ్చు. కొవ్వు పట్టి ఎగరలేనంత బరువెక్కిన పిల్ల రాతి మీద నుంచి సముద్రంలోకి దూకి, ఆ బరువు కరిగేదాకా ఈదుతూ దక్షిణానికి పోతుంది. పెద్ద పక్షుల తెలుపు దానికి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఇసుక మీద జబ్బుగా గానీ చనిపోయి గానీ పక్షి కనిపిస్తే ముట్టుకోకండి, పిల్లలనూ కుక్కలనూ దూరంగా ఉంచండి.

మొత్తం మీద ఈ రోజును నేను ఇలా అంచనా వేస్తాను: సెంటర్‌కూ సీక్లిఫ్ నడకకూ అయిదుకు అయిదు, పడవకు అయిదుకు నాలుగు, ఆ తగ్గిన ఒకటి వినిపించని వివరణకు. ఒక్కటే ఎంచుకోవలసి వస్తే పడవ వదిలి సెంటర్ చూడమని ఎవరికీ చెప్పను. ఆ వాసనా ఆ చప్పుడూ తెరలో రావు. పడవ టికెట్ ముందుగా, ఉదయం వేళకు తీసుకోండి. రద్దయితే అదే రోజు మధ్యాహ్నం పడవలో చోటు అడగడానికి వీలుంటుంది, అదీ కుదరకపోతే టాంటలన్, సీక్లిఫ్ నడకలు గాలివాన మరీ జోరుగా లేనంతవరకు ఎప్పుడైనా చేయవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో వెళ్ళేటప్పుడు పడవ ఎక్కే మెట్ల సంగతి టికెట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి, నీటిమట్టం తగ్గిన వేళ రేవు మెట్లు ఎక్కువ దిగవలసి వస్తుంది, అవి తడిగా ఉంటాయి.